క్వాలిఫయర్స్‌లో ఒక గ్రూపును మొదటి నుంచి చివరిదాకా చూసినవాళ్లు ఉన్నారా? (యూరప్ దేశాల కప్పు యూరో 2016, గ్రూప్ ఏ గురించి)

కొత్తగా_చేరా

అందరికీ నమస్తే. నాలుగేళ్లుగా క్లబ్ ఫుట్‌బాల్ చూస్తున్నాను గానీ, పెద్ద టోర్నీలకి అర్హత కోసం దేశాల మధ్య జరిగే క్వాలిఫయర్స్‌ని ఎప్పుడూ పట్టించుకోలేదు. పెద్ద జట్టు ఎలాగూ వెళ్తుంది, చిన్న జట్టు ఎలాగూ ఓడుతుంది, మధ్యలో మన క్లబ్ ఆటగాడికి మోకాలు దెబ్బ తింటుంది, అంతే కదా అనుకునేవాడిని.

2025 నవంబరులో డెన్మార్క్ సొంతగడ్డ మీద బెలారస్‌తో 2-2 డ్రా చేసుకుంది. మూడు రోజులకే గ్లాస్గోలో స్కాట్లండ్ చేతిలో 4-2తో ఓడి, ప్రపంచకప్‌కి నేరుగా వెళ్లే దారి మూసుకుంది. ఆ రాత్రి స్కాట్లండ్ వాళ్ల ఏడుపులు, నవ్వులు చూశాను. కానీ ఆ గ్రూపులో అంతకుముందు ఒక్క మ్యాచ్ కూడా చూడలేదు కదా, సినిమా క్లైమాక్స్‌కి వెళ్లి కూర్చున్నట్టు సగమే అర్థమైంది.

ఇంకో సంగతి. మా ఆఫీసులో ఒకాయన "లాత్వియాతో గెలవలేకపోయింది కాబట్టే టర్కీ యూరో 2016కి నేరుగా వెళ్లింది" అన్నాడు. నన్ను ఆటపట్టిస్తున్నాడా, నిజమేనా?

మిడ్‌ఫీల్డ్_మావయ్య

నిజమే బాబూ, ఆటపట్టించలేదు. ఆ గ్రూపు నేను పుస్తకంలో రాసుకుంటూ చూశాను. పుస్తకం అంటే ఇంట్లో పాల లెక్క రాసే పుస్తకంలో వెనక పేజీలు. ఆరు జట్లు, ఒక్కొక్కరితో సొంతూళ్లో ఒకటి, వాళ్ల ఊళ్లో ఒకటి, మొత్తం 30 మ్యాచ్‌లు. 2014 సెప్టెంబరు నుంచి 2015 అక్టోబరు దాకా.

గ్రూప్ ఏలో నెదర్లాండ్స్, చెక్ రిపబ్లిక్, టర్కీ, ఐస్‌లాండ్, లాత్వియా, కజకిస్థాన్. యూరోలో మొదటిసారి 24 జట్లు ఆడబోతున్నాయి. ఆతిథ్య జట్టు ఫ్రాన్స్ పోగా మిగతా 53 దేశాలు తొమ్మిది గ్రూపుల్లో ఉన్నాయి. ప్రతి గ్రూపులో మొదటి ఇద్దరూ నేరుగా వెళ్తారు. మూడో స్థానంలో నిలిచిన తొమ్మిది జట్లలో అన్నిటికంటే మెరుగైనదీ నేరుగా వెళ్తుంది. మిగతా ఎనిమిదీ మిగిలిన చోట్ల కోసం ప్లేఆఫ్ ఆడాలి. ఇంత వెసులుబాటు ఉన్నప్పుడు నెదర్లాండ్స్ వెళ్లదని ఎవడైనా అనుకుంటాడా? అప్పటికి రెండు నెలల క్రితమే బ్రెజిల్ ప్రపంచకప్‌లో మూడో స్థానం తెచ్చుకున్న జట్టది.

మొదటి రాత్రి 2014 సెప్టెంబరు 9. ప్రాగ్‌లో 1-1 మీద ఆట అయిపోతోంది. నెదర్లాండ్స్ డిఫెండర్ యాన్‌మాట్ తలతో వెనక్కి కొట్టిన బంతి వాళ్ల కొంపే ముంచింది, పిలార్ష్ అదనపు సమయంలో గోల్లోకి నెట్టేశాడు. చెక్ 2-1. అదే రాత్రి రేక్యావిక్‌లో ఐస్‌లాండ్ 3-0తో టర్కీని చితక్కొట్టింది. అస్తానాలో కజకిస్థాన్, లాత్వియా 0-0. ఆ సున్నా-సున్నాని నేను పుస్తకంలో ఓ మూల చిన్నగా రాశాను. పదమూడు నెలల తర్వాత గ్రూపు మొత్తం ఆ రెండు జట్ల మధ్య మ్యాచ్ మీదే తిరిగింది. ఆ లెక్క నాకంటే మన మాస్టారు బాగా చెప్తారు.

విశాఖ_వింగర్

నా అనుభవం కాస్త వేరు. గ్రూపులో అందరికీ గుర్తున్న మ్యాచ్ ఐస్‌లాండ్ 2, నెదర్లాండ్స్ 0. తేదీ 2014 అక్టోబరు 13. విశాఖలో ఉన్నవాళ్లకి ఆ తేదీ చెప్పనక్కర్లేదు, హుద్‌హుద్ వచ్చింది ముందురోజే. కరెంటు లేదు, ఫోన్ సిగ్నల్ లేదు, మా వీధిలో వేపచెట్టు అడ్డంగా పడి ఉంది. పాల ప్యాకెట్ కోసం, పెట్రోలు కోసం లైన్లు. అంతకుముందు వారం నుంచి మా స్నేహితులతో ఆ మ్యాచ్ గురించి పందెం. నేను నెదర్లాండ్స్ మీద బిర్యానీ కాశాను.

కొన్ని రోజుల తర్వాత ఫోన్ ఛార్జింగ్ పెట్టుకోవడానికి జనరేటర్ ఉన్న ఒక షాపుకి వెళ్తే అక్కడ మెసేజులన్నీ ఒక్కసారి వచ్చి పడ్డాయి. వందకి పైగా "ఎలా ఉన్నావురా?" వాటి మధ్యలో ఒకటే మెసేజ్, "గిల్ఫీ రెండు కొట్టాడు. బిర్యానీ." అన్ని రోజుల్లో మొదటిసారి నవ్వొచ్చింది.

గోల్స్ తర్వాత ఎప్పుడో చూశాను. గిల్ఫీ సిగుర్డ్‌సన్ ఒకటి పెనాల్టీ, రెండోది మొదటి సగం చివర్లో. ఆ మైదానంలో పది వేల మంది కూడా పట్టరు. మన ఊరి స్టేడియం గ్యాలరీ ఒక వైపు నిండితే వాళ్ల స్టేడియం నిండినట్టే.

లెక్కల_మాస్టారు

టర్కీ లెక్క అడిగారు కదా. ముందు చివరి పట్టిక చూడండి: చెక్ 22, ఐస్‌లాండ్ 20, టర్కీ 18, నెదర్లాండ్స్ 13, కజకిస్థాన్ 5, లాత్వియా 5.

తొమ్మిది గ్రూపుల్లో ఎనిమిదింటిలో ఆరేసి జట్లు, ఒకదానిలో అయిదే. అందుకని మూడో స్థానంలో ఉన్న జట్లను పోల్చేటప్పుడు, వాళ్లు తమ గ్రూపులో ఆరో జట్టు మీద తెచ్చుకున్న పాయింట్లు కొట్టేస్తారు. కీలకం ఇక్కడే ఉంది.

టర్కీ లాత్వియాతో రెండుసార్లూ 1-1 డ్రా చేసుకుంది. అంటే 2 పాయింట్లు. కజకిస్థాన్‌ని రెండుసార్లూ ఓడించింది, 6 పాయింట్లు. ఇప్పుడు ఆరో స్థానంలో కజకిస్థాన్ ఉంటే టర్కీ 18లోంచి 6 పోతాయి, మిగిలేది 12. లాత్వియా ఆరో స్థానంలో ఉంటే పోయేది 2 మాత్రమే, మిగిలేది 16. ఇంకో గ్రూపులో మూడో స్థానంలో ఉన్న హంగరీకి ఇదే లెక్క వేస్తే 15. అర్థమైందా? 12 అయితే ప్లేఆఫ్, 16 అయితే నేరుగా ఫ్రాన్స్.

చివరి రోజు, 2015 అక్టోబరు 13 నాటికి లాత్వియాకి 5, కజకిస్థాన్‌కి 2. అప్పటికి కజకిస్థాన్ ఒక్క మ్యాచ్ కూడా గెలవలేదు. ఆ రాత్రి రీగాలో వాళ్లు లాత్వియాని 1-0తో ఓడించారు, గోలు కొట్టింది ఇస్లామ్‌బెక్ కువాత్. ఇద్దరికీ అయిదేసి. సమానమైతే ముఖాముఖి ఫలితాలు చూస్తారు, మొదటిది 0-0, రెండోది కజకిస్థాన్‌ది. లాత్వియా అడుగుకి పోయింది.

అదొక్కటే చాలదు. కోన్యాలో టర్కీ కూడా ఐస్‌లాండ్‌ని ఓడించి తీరాలి. డ్రా అయితే టర్కీకి మొత్తం వచ్చేవే 16, అందులోంచి 2 పోయి 14, హంగరీ ముందుంటుంది. గోఖాన్ తోరేకి ఎర్ర కార్డు చూపించాక టర్కీ పది మందితో ఆడుతోంది. 89వ నిమిషంలో సెల్చుక్ ఇనాన్ ఫ్రీకిక్. 1-0.

లెక్కలు చెప్పేవాడిగా ఒక మాట: ఈ నిబంధన నాకు అస్సలు నచ్చదు. తాను ఆడని మ్యాచ్ వల్ల ఒక జట్టు గతం మారిపోవడమేమిటి! అయితే ఇలాంటి నిబంధన లేకపోతే నా బుర్రకి ఆ రాత్రి పనే ఉండేది కాదు, అదీ నిజమే.

కొత్తగా_చేరా

మాస్టారూ, మూడుసార్లు చదివితే గానీ ఎక్కలేదు. ఐపీఎల్‌లో నెట్ రన్‌రేట్ లెక్కలే కష్టం అనుకున్నాను. అంటే టర్కీ లాత్వియాని ఓడించి ఉంటే?

లెక్కల_మాస్టారు

మంచి ప్రశ్న. ఆఫీసాయన మాటలో ఒక పొరపాటు ఉంది. ఒక్కసారి ఓడించి ఉన్నా టర్కీకి 20 వచ్చేవి. ఐస్‌లాండ్‌కీ 20. ముఖాముఖిలో రేక్యావిక్‌లో ఐస్‌లాండ్ 3-0, కోన్యాలో టర్కీ 1-0, కాబట్టి గోల్స్ తేడాతో ఐస్‌లాండే ముందు. అప్పుడు కూడా టర్కీ మూడోదే. రెండుసార్లూ ఓడించి ఉంటే 22తో ఐస్‌లాండ్‌ని దాటి, ఏ లెక్కా లేకుండా నేరుగా వెళ్లేది. కాబట్టి "గెలవలేదు కాబట్టే వెళ్లింది" అనడం అతి. ఆ నాలుగు పాయింట్లు పోయినందుకు దాదాపు మునిగి, ఆ పాయింట్లు పోయింది లాత్వియా దగ్గరే కాబట్టి తేలింది అనండి.

డెల్ఫ్ట్‌లో_బెజవాడ

నెదర్లాండ్స్ వైపు నుంచి నేను చెప్తాను. 2015 ఆగస్టులో మాస్టర్స్ కోసం డెల్ఫ్ట్ వచ్చాను. సామాను పూర్తిగా సర్దుకోకముందే క్లాస్‌మేట్ దగ్గర ఒక టికెట్ మిగిలిందంటే సెప్టెంబరు 3న ఆమ్‌స్టర్‌డామ్ వెళ్లాను, నెదర్లాండ్స్-ఐస్‌లాండ్. మార్కెట్లో దొరికిన అయిదు యూరోల నారింజరంగు టీషర్టు వేసుకున్నాను. హిడింక్ జూన్ చివర్లో తప్పుకున్నాక కోచ్‌గా డానీ బ్లింట్‌కి అదే మొదటి మ్యాచ్. అందరూ "ఇక గాడిలో పడతారు" అనే మూడ్‌లో ఉన్నారు.

అరగంట దాటగానే కెప్టెన్ రాబెన్ గాయంతో బయటికి. రెండు నిమిషాలైందో లేదో మార్టిన్స్ ఇండికి ఎర్ర కార్డు. నా పక్క సీట్లో ఒక పెద్దాయన, మా తాతయ్య వయసుంటుంది, అప్పటిదాకా నాకు ఒక్కో ఆటగాడి ఊరూ పేరూ చెప్తున్నాడు. ఎర్ర కార్డు తర్వాత చెప్పడం ఆపేశాడు. 51వ నిమిషంలో పెనాల్టీ, మళ్లీ గిల్ఫీయే. 0-1. మూలన నీలంరంగులో కూర్చున్న వేలమంది ఐస్‌లాండ్ జనం పాడుతూనే ఉన్నారు. ఆ దేశ జనాభా మొత్తం 3,30,000 దాకా. మా కృష్ణా జిల్లాలో ఒకటి రెండు నియోజకవర్గాలంత.

తిరుగు రైలులో ఒక్కరూ మాట్లాడలేదు. అప్పటికి వచ్చి రెండు వారాలు, ఇక్కడి వాళ్లు రైల్లో ఎప్పుడూ ఇలాగే మౌనంగా ఉంటారేమో అనుకున్నాను. తర్వాత తెలిసింది, ఎప్పుడూ కాదు.

మూడు రోజులకే కోన్యాలో టర్కీ చేతిలో 3-0. మా హాస్టల్ కిచెన్‌లో ఇద్దరు టర్కీ కుర్రాళ్లు ఉండేవాళ్లు. ఆ రాత్రి వాళ్లు టీ కాచి అందరికీ పోశారు, డచ్ అబ్బాయి మాత్రం గది తలుపు తీయలేదు.

ప్రాగ్_పద్మ

ఎంతసేపూ ఐస్‌లాండ్, నెదర్లాండ్స్, టర్కీ. గ్రూపులో మొదటి స్థానం ఎవరిది? చెక్ వాళ్లది! వాళ్ల గురించి ఒక్క మాట లేదు. పన్నెండేళ్లుగా ప్రాగ్‌లో ఉంటున్నాను కాబట్టి నాకు రోషం వచ్చింది.

కోచ్ పావెల్ వర్బా జట్టులో నాకు నచ్చిన విచిత్రం చెప్తాను. పది మ్యాచ్‌లలో ఒక్కదానిలో కూడా గోలు ఇవ్వకుండా ఉండలేదు. పదింటిలోనూ ఇచ్చారు! 2-1, 2-1, 4-2, 2-1, 1-1... ఇలా. మొత్తం 19 కొట్టి 14 ఇచ్చారు. నెదర్లాండ్స్ కూడా సరిగ్గా 14 ఇచ్చింది, వాళ్లు నాలుగో స్థానం, వీళ్లు మొదటి స్థానం. మా ఆయన చెక్ మ్యాచ్ వస్తే "ముందు గోలు ఇచ్చేయమను, టెన్షన్ తీరుతుంది" అనేవాడు. కజకిస్థాన్‌తో సొంతగడ్డ మీద కూడా ముందు గోలు తిని, మిలాన్ ష్కోడా రెండు కొడితే గట్టెక్కారు.

చివరి రాత్రి ఆమ్‌స్టర్‌డామ్‌లో వీళ్లకి ఏ అవసరమూ లేదు. సెప్టెంబరు 6నే రీగాలో 2-1తో గెలిచి అర్హత సాధించేశారు. అయినా 2-0 ముందుకెళ్లి, హాఫ్‌టైమ్‌కి ముందే ఒకడికి ఎర్ర కార్డు పడినా 3-2తో గెలిచారు. ఆ మూడోది వాన్ పెర్సీ సెల్ఫ్ గోల్, సొంత పోస్టులోకి తలతో. తర్వాత అతనే అవతలి వైపు కూడా ఒకటి కొట్టాడు, పాపం. మరుసటి రోజు మా ఆఫీసులో ఆ గోలు వీడియో ఎన్నిసార్లు తిరిగిందో లెక్కలేదు. ఇక్కడి వాళ్లు పైకి నవ్వరు, కానీ కాఫీ మిషన్ దగ్గర మాత్రం ఆ రోజు జనం ఎక్కువున్నారు.

డెల్ఫ్ట్‌లో_బెజవాడ

పద్మక్కా, ఆ సెల్ఫ్ గోల్ గుర్తుచేయాలా! ఇక్కడ ఇప్పటికీ ఆ పేరెత్తితే మాట మారుస్తారు. 1984 తర్వాత నెదర్లాండ్స్ లేని యూరో అదే మొదటిది. మాస్టారి పట్టిక చూసి ఇప్పుడే ఒకటి లెక్కేశాను. 13 పాయింట్లలో 12 లాత్వియా, కజకిస్థాన్ మీద వచ్చినవే. చెక్, ఐస్‌లాండ్, టర్కీ మీద ఆరు మ్యాచ్‌లు ఆడితే వచ్చింది ఒక్క పాయింటు. అదీ టర్కీతో సొంతగడ్డ మీద, అదనపు సమయంలో. ఇక్కడ అప్పట్లో అందరూ "దురదృష్టం" అనేవాళ్లు. ఆరింటిలో ఒక్క పాయింటుని దురదృష్టం అంటారా?

పాత_చింతకాయ

మీరంతా 2015 అంటున్నారు, నాకు 2007 నవంబరు 21 గుర్తొస్తుంది. యూరో 2008 క్వాలిఫయర్స్, వెంబ్లీలో ఇంగ్లండ్-క్రొయేషియా. డ్రా చేసుకుంటే చాలు ఇంగ్లండ్‌కి. నాలుగు రోజుల ముందు ఇజ్రాయెల్ చివరి క్షణాల్లో రష్యాని ఓడించి వీళ్లకి ప్రాణం పోసింది. పోసిన ప్రాణాన్ని నిలుపుకోవాలి కదా! పావుగంటలో 0-2. ఎలాగో 2-2 చేశారు, మళ్లీ పెత్రిచ్ దూరం నుంచి కొట్టాడు, 2-3. వానలో గొడుగు పట్టుకుని నిలబడ్డ ఇంగ్లండ్ కోచ్ మెక్‌క్లారెన్ ఫొటోనే ఆ గ్రూపుకి గుర్తుగా మిగిలింది. అదే రాత్రి రష్యా అండోరాలో 1-0తో గెలిచి వెళ్లిపోయింది. అండోరా మ్యాచ్ చూసినవాళ్లు ఈ చర్చలో ఎవరైనా ఉంటే బయటికి రండి, దండ వేస్తాను.

విశాఖ_వింగర్

దండ నాకొద్దు గానీ, ఐస్‌లాండ్‌ని అందరూ అద్భుతం, కల, గాథ అంటుంటే నాకు చిరాకు. వాళ్లు ఉన్నట్టుండి ఊడిపడలేదు. 2000 నుంచి కప్పు ఉన్న ఇండోర్ మైదానాలు కట్టుకున్నారు, మంచులోనూ పిల్లలు ఆడేలా. 2011లో వాళ్ల అండర్-21 జట్టు యూరో ఆడింది, గిల్ఫీ, కెప్టెన్ ఆరోన్ గున్నార్సన్, కొల్‌బెయిన్ అందరూ ఆ బ్యాచే. 2013 నవంబరులో ప్రపంచకప్ ప్లేఆఫ్ దాకా వెళ్లి క్రొయేషియా చేతిలో ఓడారు. అంటే గ్రూప్ ఏ మొదలయ్యేసరికే దెబ్బ తిని రాటుదేలి ఉన్నారు. కోచ్‌లు ఇద్దరు: అనుభవం పండిన స్వీడన్ పెద్దాయన లాగర్‌బ్యాక్, పక్కన పళ్ల డాక్టరు హాల్‌గ్రిమ్‌సన్. పేపర్లకి పళ్ల డాక్టరే దొరికాడు, ఇండోర్ మైదానాలు బోరు.

వాళ్లు అర్హత సాధించిన మ్యాచ్ చూశాను. 2015 సెప్టెంబరు 6, కజకిస్థాన్‌తో 0-0. మనకి సోమవారం తెల్లవారుజాము. తొంభై నిమిషాలు ఒక్క గోలు లేదు, చివర్లో కెప్టెన్‌కి ఎర్ర కార్డు. చరిత్రలో మొదటిసారి పెద్ద టోర్నీకి వెళ్లిన రాత్రి ఇంత చప్పగా ఉంటుందా అనుకుంటూ బ్రష్ చేసుకుని ఆఫీసుకెళ్లాను. పదినెలల తర్వాత వాళ్లే నీస్‌లో ఇంగ్లండ్‌ని 2-1తో ఇంటికి పంపారు. బిర్యానీ ఓడినవాడిని కదా, ఆసారి వాళ్ల మీదే కాశాను.

మిడ్‌ఫీల్డ్_మావయ్య

కొత్తబ్బాయికి పనికొచ్చే రెండు మాటలు చెప్పేస్తాను.

టైమ్ ముందు చూసుకో. మధ్య యూరప్‌లో మ్యాచ్ మొదలయ్యే రాత్రి పావు తక్కువ తొమ్మిది మనకి ఎండాకాలం గడియారంతో రాత్రి 12:15, చలికాలంలో 1:15. అక్టోబరు చివర గడియారం మారుస్తారు. ఆ సంగతి మర్చిపోయి 2014 నవంబరులో గంటసేపు ఖాళీ స్క్రీన్ చూస్తూ కూర్చున్నాను. రోజూ మేలుకోవద్దు, ఉద్యోగం ఉంటుంది. మ్యాచ్ చూడలేకపోయినా పొద్దున్నే స్కోరు నీ చేత్తో రాసుకో. యాప్‌లో చూస్తే మర్చిపోతావు, రాస్తే మర్చిపోవు.

ఇంకోటి, పాయింట్లు సమానమైతే ఏం చూస్తారో ముందే తెలుసుకో. ఆ యూరోకి ముందు ముఖాముఖి చూశారు. 2018 ప్రపంచకప్ క్వాలిఫయర్స్‌లో ముందు గోల్స్ తేడా. పాపం మళ్లీ నెదర్లాండ్సే, స్వీడన్‌తో సమానంగా 19 పాయింట్లు. అంతా అయ్యాక స్వీడన్ తేడా 17, వీళ్లది 9. చివరి మ్యాచ్‌కి ముందు, స్వీడన్‌ని ఏడు గోల్స్ తేడాతో ఓడించాల్సిన పరిస్థితి. రాబెన్ రెండు కొట్టాడు, అక్కడితో సరి. అంతకుముందు స్వీడన్ లక్సెంబర్గ్ మీద 8-0 కొట్టి కూర్చుంది కదా!

ప్రాగ్_పద్మ

మావయ్యగారూ, ఒకటి మర్చిపోయారు. ఆ గ్రూపులోంచి వెళ్లిన చెక్, టర్కీ ఫ్రాన్స్‌లో మళ్లీ ఒకే గ్రూపులో పడ్డాయి. ఏడాదికి పైగా ఒకరి ముఖం ఒకరు చూసుకున్నది చాలదన్నట్టు! టర్కీ 2-0తో గెలిచింది, ఇద్దరూ గ్రూపు దాటలేదు. మా ఇంట్లో ఆ రోజు ఎవరూ గోలు ఇచ్చేయమనలేదు, వాళ్లే ఇచ్చారు.

కొత్తగా_చేరా

అక్కా, మావయ్యగారూ, మాస్టారూ, అందరికీ థాంక్స్. నోట్‌బుక్ కొన్నాను, నిజంగానే. ఒక్క ప్రశ్న. ఇంతమంది ఆమ్‌స్టర్‌డామ్, కోన్యా, రేక్యావిక్ అన్నారు. టర్కీని పంపిన ఆ రీగా మ్యాచ్, కువాత్ గోలు, ఎవరైనా లైవ్‌లో చూశారా?

లెక్కల_మాస్టారు

లేదు. నేను కోన్యా స్కోరు, హంగరీ పాయింట్లు కాగితం మీద వేసుకుంటున్నాను. రీగా స్కోరు ఫోన్‌లో మాత్రమే చూశాను.

డెల్ఫ్ట్‌లో_బెజవాడ

మా కిచెన్‌లో ఆ టర్కీ కుర్రాళ్లు కూడా కోన్యాయే చూశారు. గోలు పడ్డాక కూడా టీవీ కట్టెయ్యకుండా ఫోన్లు పట్టుకుని కూర్చుంటే ఎందుకో అర్థం కాలేదు నాకు. రీగా అయిపోయాక ఒక్కసారి లేచి అరిచారు.

మిడ్‌ఫీల్డ్_మావయ్య

నేనూ చూడలేదు బాబూ. టీవీలో ఆమ్‌స్టర్‌డామ్, ల్యాప్‌టాప్‌లో కోన్యా పెట్టుకున్నాను. సెల్చుక్ ఫ్రీకిక్ పడగానే "సరే, టర్కీ ప్లేఆఫ్‌కి" అనుకుని పడుకున్నాను. పొద్దున లేచేసరికి నేరుగా వెళ్లిపోయింది. పుస్తకం ఇప్పుడే అటక మీంచి తీయించి చూశాను. 29 స్కోర్లు నీలం పెన్నుతో ఉన్నాయి. ముప్పయ్యోది, లాత్వియా 0 కజకిస్థాన్ 1, పెన్సిల్‌తో ఉంది. చేతిరాత మా ఆవిడది. పక్కనే ఆ రోజు పాలు అర లీటరు అని కూడా రాసింది.